చూడని పిట్ట

బావగారి కళ్ళు ఇక బాగుపడవని డాక్టర్లు తేల్చి చెప్పిన రోజున, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఏడ్చింది ఆయన బావమరిదే. అక్క కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావగారు "సరే, ఉన్నన్నాళ్ళు ఉంటాయి" అని చేతిలో కాగితాలు మడిచి పక్కన పెట్టారు. ఇతను మాత్రం వీధి గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పటికతనికి నలభై ఆరేళ్ళు.

ఏడవడానికి కారణం లేకపోలేదు. అక్క పెళ్ళినాటికి అతనికి తొమ్మిదేళ్ళు. వెనకా ముందూ ఎవరూ లేకపోవడంతో అక్క ట్రంకుపెట్టెతోపాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని కాపురానికి వెళ్ళింది. బావగారు ఆ పెట్టెనూ ఈ పిల్లాణ్ణీ ఒక్కలాగే నవ్వుతూ లోపలికి తెచ్చుకున్నారు. సైకిలు నేర్పింది ఆయనే. చదువు తలకెక్కదని తేలిపోయాక, "ఫరవాలేదురా, నీ కళ్ళు కళ్ళు కావు, సూదులు. వాటితోనే బతకచ్చు" అని ఒక ముసలి గడియారాల మేస్త్రి దగ్గర కూర్చోబెట్టిందీ ఆయనే. ఆ మాటే నిజమైంది. ఇప్పుడు బస్టాండు ఎదురుసందులో మెట్ల కింద అతనికో కొట్టుంది. ఒక బల్ల, ఒక దీపం, కంటికి బిగించుకునే భూతద్దం. ఆవగింజలో సగం ఉండే మరను కూడా పట్టకారుతో తీసి, తుడిచి, మళ్ళీ దాని చోట్లో కూర్చోబెట్టగలడు. చుట్టాలూ బజారువాళ్ళూ అతన్ని గడియారాలాయన అనే అంటారు.

బావగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. బతుకంతా కొట్లు తిరిగి, తక్కెళ్ళు సరిచూసి, తూకపురాళ్ళ మీద సీసం ముద్ర వేసిన మనిషి. ఉద్యోగం పోగా మిగిలిన ప్రాణమంతా పిట్టల మీదే. సెలవు దొరికితే చాలు, దుర్భిణి మెళ్ళో వేసుకుని చెరువులూ తుప్పలూ పట్టుకు తిరిగేవారు. ఏ పిట్టని ఎక్కడ, ఏ తారీఖున, ఎన్నింటికి చూశారో అట్టపుస్తకాల్లో రాసుకునేవారు. పిట్టలు చూసేవాళ్ళ సంఘం ఒకటుంది, ఆ లెక్కలు వాళ్ళకీ పంపేవారు. ఏ పిట్ట గురించి తగువొచ్చినా వాళ్ళు చివరికి "ఇన్‌స్పెక్టరుగారి పుస్తకంలో ఏముందో చూడండి" అనేవారట.

ఇప్పుడా కళ్ళల్లో నడిమధ్య ఒక మసక మచ్చ పడింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం కనబడదు గానీ, ఆ మనిషి వెనక గోడకున్న క్యాలెండరు అంచు కనబడుతుంది. దుర్భిణిలో పిట్టని చూద్దామంటే, సరిగ్గా ఆ పిట్ట ఉన్నచోటే మచ్చ.

"ఒక్కసారి ఆ సముద్రపొడ్డుకి వెళ్ళొద్దామే" అన్నారొకనాడు అక్కతో. "కొత్త పుస్తకంలో నాలుగు పేజీలైనా నింపుదాం."

"మీకు కనబడదుగా?" అంది అక్క. ఆవిడకి మాట దాచుకోవడం రాదు.

"వీడికి కనబడుతుందిగా" అన్నారు బావగారు, పక్కనే ఉన్న బావమరిది భుజం మీద చెయ్యి వేసి.

అలా ముగ్గురూ వారంరోజులకని బయల్దేరారు. పిల్లల పరీక్షలని గడియారాలాయన భార్య రాలేదు. కొట్టు తలుపు మీద 'వచ్చే సోమవారం తెరవబడును' అని కాగితం అంటించి, అతను దుర్భిణి స్టాండు భుజానికెత్తుకున్నాడు.

కాటేజీ చిన్నది. రెండు గదులు, ఓ వంటగది, ముందు వసారా. ఉప్పుగాలికి తలుపు గడియలన్నీ బిగుసుకుపోయి, తీయాలంటే చెప్పుతో కొట్టాల్సి వచ్చేది. పక్కదుప్పట్లు ఎంత ఎండబెట్టినా చెమ్మగానే ఉండేవి. ముందువైపు సముద్రం, వెనకవైపు బురదమేట. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఆ మేట మైలు దూరం బయటపడేది. పోటుకి మళ్ళీ మాయమయ్యేది. మేట అంచున పిట్టల్ని చూడ్డానికి చెక్కగది ఒకటి కట్టారు. లోపల ఒక బల్ల, గోడకి చెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి పిట్టల్ని చూడచ్చు, పిట్టలకి మనం కనబడం.

కాటేజీ చూసుకునే ఆవిడ పక్కనే రెండిళ్ళవతల ఉంటుంది. గదులు ఊడ్చి, నీళ్ళు పట్టి, మధ్యాహ్నం అవగానే గంప పట్టుకుని చెల్లెలితో కలిసి బురదలోకి దిగి గుల్లలు ఏరుకునేది. ఆ ఊళ్ళో ఓ పది పన్నెండు మంది ఆడవాళ్ళకి అదే బతుకు.

మొదటిరోజు పొద్దున్నే బావగారు బావమరిదిని చెక్కగదిలో కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట చెప్పారు. "చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు. తెలీకపోతే తెలీదను. తెలీదు అన్నది కూడా లెక్కేరా."

"అలాగే బావా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడతను.

మొదటి రెండు రోజులూ నిజంగానే బాగా చేశాడు. "పిడికెడంత ఉంది బావా, వెన్ను గోధుమరంగు, కాళ్ళు పసుపు, నడిచేటప్పుడు తోక కిందికీ పైకీ ఆడిస్తోంది" అంటే, బావగారు కళ్ళు మూసుకుని విని, "ఉల్లంకి" అని నవ్వి, లావుపాటి పెన్నుతో వేలెడేసి అక్షరాలు రాసుకునేవారు. కూసిన పిట్టనైతే ఇతను చూసేలోపే ఆయన పేరు చెప్పేసేవారు. చెవులు అంత చురుకు. సాయంత్రం వసారాలో అక్కతో, "వీడు నా కళ్ళు కాదే, నా కళ్ళకంటే నయం. నేనెప్పుడూ కాళ్ళ రంగు ఇంత బాగా పట్టలేదు" అని మురిసిపోయారు. అతనికీ ఛాతీ ఉబ్బింది.

మూడోరోజుకి ఉత్సాహం చప్పబడింది. పిట్టలన్నీ ఒక్కలాగే కనిపించసాగాయి. బల్ల మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. బావగారు "ఎన్ని?" అంటే లెక్కపెట్టకుండానే "నూట పన్నెండు" అనేవాడు. నూరంటే అనుమానం వస్తుందని పన్నెండు కలిపేవాడు. మధ్యమధ్య ఫోను తీసి చూసుకుంటూ, "అవే బావా, ఇందాకటివే" అనేవాడు. బావగారు "అవేనా? సరే" అని రాసుకునేవారు.

ఆ రాత్రి అన్నాలయ్యాక ఆయన ఓ పిట్ట గురించి చెప్పారు. పిచ్చుకంతే ఉంటుందట. ముక్కు మాత్రం చివర చెంచాలా వెడల్పు. కాళ్ళు నలుపు. తలొంచి ముక్కుని అటూ ఇటూ ఊడుస్తున్నట్టు ఆడిస్తూ బురదలో మేస్తుందట. లోకం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయట.

"ముప్ఫై రెండేళ్ళుగా వెతుకుతున్నానురా. ఈ మేట మీద ఎప్పుడో ఒకటి దిగిందని విన్నాను. వేరే చిన్న పిట్టల గుంపులో కలిసిపోయి ఉంటుంది. గొంతు కూడా విప్పదు. అది కళ్ళున్నవాడికే దక్కుతుంది."

"ఉంటే దొరుకుతుందిలెండి" అన్నాడతను ఆవలిస్తూ.

నాలుగోరోజు తెల్లవారుజాము నుంచి సన్నటి జల్లు. సందులోంచి చినుకులు కొట్టి చొక్కా తడిసింది. బూట్లలోకి నీళ్ళు పోయి వేళ్ళు కొంకర్లు పోయాయి. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అక్క గుడ్లు వేయించి రొట్టె కాల్చి ఉంచుతానంది. బావగారు మాత్రం కదలరు. ఐదు నిమిషాలకోసారి, "ఆ చిన్నవాటి గుంపులో చూడరా... ముక్కులు చూడు... చెంచాముక్కుదేమైనా..."

"లేదు బావా."

మళ్ళీ కాసేపటికి, "కుడిపక్కన?"

"లేదు బావా."

"ఇంకొక్క అరగంట చూద్దాం."

ఆ అరగంట అన్న మాటకి అతనికి ప్రాణం ఉసూరుమంది. పక్కకి తిరిగి చూశాడు. తడిసిన టోపీ కింద ఆ ముసలిమొహం చెవులు రిక్కించి ఎదురుచూస్తోంది. పాపం అనిపించింది. ఆ పిట్టేదో ఇచ్చేస్తే పోలా, ఎవరికేం నష్టం అనిపించింది. ఆ రెండూ అనిపించిన తర్వాత నోరు దానంతటదే ఆడింది.

"బావా... ఒక్క నిమిషం. కదలకండి."

"ఏమిట్రా?"

"ఒకటి... ముక్కు చివర వెడల్పుగా ఉంది."

బావగారు గంతులేయలేదు. గబుక్కున అతని మోచెయ్యి పట్టుకున్నారు. అయినా గొంతులో ఇన్‌స్పెక్టరే పలికాడు. "తొందరపడకు. బురదంటుకున్నా ముక్కు వెడల్పుగా కనబడుతుంది. కాళ్ళేం రంగు?"

"నలుపు."

"ఎలా మేస్తోంది?"

"తలొంచి... అటూ ఇటూ ఊడుస్తున్నట్టు."

రాత్రి ఆయన చెప్పిన పాఠమే పొద్దున్న ఆయనకి అప్పజెప్పాడు. బావగారు టోపీ తీసేశారు. తర్వాత "ఉందా ఇంకా?" అన్నారు రహస్యం చెబుతున్నట్టు.

"ఎగిరిపోయింది బావా. గుంపంతా లేచిపోయింది."

"పోనీలే. చూశావుగా. చాలు" అని ఆయన బావమరిది తల మీద చెయ్యి పెట్టి నిమిరారు. తొమ్మిదేళ్ళప్పుడు నిమిరినట్టే. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ అతను బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు.

కాటేజీకి వచ్చాక గుడ్లూ రొట్టే ముందు పెట్టుకున్నాడే గానీ రొట్టెని తుంపుతూ కూర్చున్నాడు. బావగారు తినకుండానే ఫోను అందుకున్నారు.

"ఎవరికి బావా?"

"సంఘంలో డాక్టరమ్మకి."

"ఎందుకు బావా, ఇప్పుడే? మన మధ్య ఉంటే చాలదూ?"

"అదేం మాటరా? అదేమన్నా మన ఇంటిదా? ఎక్కడ దిగిందో నలుగురికీ తెలిస్తే కాపాడుకుంటారు." ఆయన గొంతు పాతికేళ్ళవాడి గొంతులా ఉంది.

మర్నాడు పొద్దున్నకల్లా ఏడుగురు దిగారు. ముందు డాక్టరమ్మ. పళ్ళ డాక్టరు, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న సన్నటి మనిషి. ఆ రోజు రావాల్సిన రోగులందర్నీ వాయిదా వేసి వచ్చింది. ఇంకొకాయన పోస్టుమాన్, రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడు. అందరూ బావగారి చేతులు పట్టుకుని ఊపేశారు. గడియారాలాయన్ని పెళ్ళికొడుకుని చూసినట్టు చూశారు. "ఎటువైపు? ఎంత దూరం? ఏ గుంపులో?" అన్నిటికీ చెప్పాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి పది గుంజలు పాతాడు.

రెండు ఆటులు, రెండు పోటులు చూశారు. పిట్ట కనబడలేదు. కనబడే పనైతే కదా.

రెండోరోజు మధ్యాహ్నం చెక్కగది బయట ఎవరో మెల్లగా అన్నారు: "పెద్దాయనకి కళ్ళు కనబడవు కదా, ఎవరు చూసినట్టు?" పక్కవాడికి కూడా సరిగా వినబడి ఉండదు. బావగారికి వినబడింది. కర్ర పట్టుకుని లేచి బయటికొచ్చారు.

"నాకు కనబడదు, నిజమే. మా బావమరిదికి కనబడుతుంది. వాడు చూస్తే నేను చూసినట్టే రాసుకోండి. ముప్ఫై ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. ఒక్క తప్పుడు రాయి మీద ముద్ర వెయ్యలేదు. నా ముద్ర వేసి చెబుతున్నాను."

అందరూ తలలు దించుకున్నారు. డాక్టరమ్మ గడియారాలాయన వైపు తిరిగి మర్యాదగానే అడిగింది. "మీరు చూశారు కదండీ? ఏమైనా అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పేయండి. ఎవరం ఏమీ అనుకోం. మాకూ పొరపాట్లు జరుగుతాయి."

తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగిందావిడ. పొరపాటు పడ్డానేమో అంటే సరిపోయేది. కానీ బావగారు ఇంకా పక్కనే తలెత్తి నిలబడి ఉన్నారు.

"చూశానండీ" అన్నాడు.

మొదటిసారి ఆకలికీ చలికీ ఆడిన అబద్ధం. రెండోసారి అందుకు కూడా కాదు. తల దించుకోవడం ఇష్టం లేక. ఆ తేడా అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. చెవులు నిప్పులా కాలాయి.

ఆ సాయంత్రం వసారా మెట్ల మీద కూర్చుని బూట్లకంటిన బురద గీక్కుంటుంటే, కాటేజీ చూసుకునే ఆవిడ గంప బోర్లించి పక్కకొచ్చి నిలబడింది.

"అయ్యా, ఒక మాట. ఆ పిట్ట మా మేట మీదే దిగిందంటగా?"

అతను బూటు గీకుతూనే ఉన్నాడు.

"డాక్టరమ్మగారు ఫారెస్టోళ్ళకి అర్జీ రాస్తున్నారు. చలికాలం పోయేదాకా ఆ మూలంతా తాడు కట్టేస్తారంట. మేం దిగకూడదంట. గుల్లలు బాగా పడేది ఆ మూలేనయ్యా."

"మరి... మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాం? అవతలి పక్కకెళ్తాం. అక్కడ మోకాలు లోతు దిగబడుద్ది. మా చెల్లెలు ఏడుస్తోంది. నేనే చెప్పా. అంత దూరం నించి ఎగిరొచ్చిన ప్రాణికి నాలుగు నెలలు చోటివ్వలేమా అని. మీరు కళ్ళారా చూశానన్నారు కాబట్టి మా వాళ్ళందరికీ సర్ది చెప్పా." కొంచెం ఆగి, సిగ్గుపడుతూ అంది. "ఎలా ఉంటాదయ్యా? ముద్దుగా ఉంటాదా?"

అతను బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆవిడ జవాబు కోసం కొంచెంసేపు చూసి, అలసిపోయాడేమో అనుకుని వెళ్ళిపోయింది.

ఒంటికాలి బూటుతోనే వంటగదిలోకి వెళ్ళాడు. అక్క టీ వడగడుతోంది.

"అక్కా, నేనా పిట్టని చూడలేదే."

అక్క గిన్నె దించింది. తిరిగి చూసింది. "ఏ పిట్ట?"

"ఆ పిట్టనే. చెంచాముక్కుది. లేదు. ఊరికే చెప్పాను."

అక్క చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత అడిగింది. "ఎందుకురా?"

బావ సంతోషిస్తాడని, అనబోయాడు. ఆ మాటే మూడురోజులుగా తనకి తాను చెప్పుకుంటున్నాడు. అక్క కళ్ళలోకి చూస్తూ చెప్పబోతే రాలేదు. "ఆకలేసింది. బూట్లలోకి నీళ్ళు పోయాయి. ఇంకో అరగంట అన్నారు" అన్నాడు.

బయటికి వచ్చాక అది ఎంత చిన్నగా, ఎంత నీచంగా వినబడిందో అతనికే ఆశ్చర్యమేసింది.

"నువ్వు చెప్పవే. నావల్ల కాదు."

"నేను చెప్పను" అంది అక్క. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు. "ఆ నోరే కదా ఆడింది. అదే వెళ్ళి చెప్పాలి. పద, టీలు నేను తెస్తాను."

వసారాలో బావగారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే డాక్టరమ్మ అర్జీ రాస్తోంది. "పొద్దున్న ఆరూ నలభైకి, జల్లు పడుతుండగా..." అంటున్నారాయన. పోస్టుమాను మెట్ల మీద కూర్చుని దుర్భిణి అద్దం తుడుచుకుంటున్నాడు. తక్కినవాళ్ళు ముందు బస్సుకే వెళ్ళిపోయారు.

"బావా" అన్నాడు. "ఆ అర్జీ ఆపించండి. నేను పిట్టని చూడలేదు."

బావగారు గొంతు వచ్చిన వైపు మొహం తిప్పారు. "పొరబడ్డావా?"

ఇంకోసారి తలుపు తెరుచుకుంది. ఈసారి అతను దాన్ని మూసేశాడు.

"పొరబడలేదు బావా. అక్కడసలేమీ లేదు. మీరు రాత్రి చెప్పిందే పొద్దున్న చెప్పాను. అబద్ధం."

పోస్టుమాను చేతిలో గుడ్డ ఆగిపోయింది. బావగారు కదల్లేదు. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. తిట్టినా కొట్టినా బాగుండుననిపించింది. ఆయన పక్కనున్న స్టూలు మీద చేత్తో తడిమి పుస్తకం అందుకున్నారు.

"మొదటిరోజు. తెల్లకొంగలు పదిహేడు అన్నావు. లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టాను."

"మూడోరోజు సాయంత్రం, ఉల్లంకులు నూట పన్నెండు."

అతను కాలికున్న ఒంటి బూటు వైపు చూశాడు.

"లెక్కపెట్టావా?"

"లేదు బావా."

"అదే రోజు లకుముకి పిట్ట, కర్ర మీద."

"అది... ఉంది. ఉందనే అనుకుంటున్నాను. ఫోను చూసుకుంటున్నాను. నీలంగా ఏదో వెళ్ళింది."

అలా ఒక్కో పేజీ. ఆయన వేలెడేసి అక్షరాలని కంటి అంచుతో వెతుక్కుని అడగడం, ఇతను చెప్పడం. కొన్ని నిజం. కొన్ని కాదు. కొన్ని నిజమో కాదో అతనికే తెలియదు. సగం పేజీలు కూడా కాకముందే, "బావా, చాలా వరకు నిజమే బావా, నన్ను నమ్మండి" అన్నాడు. అన్నాక, ఆ మాట అడిగే మొహం తనకి లేదని తెలిసి నాలుక కరుచుకున్నాడు.

బావగారు పుస్తకం మూశారు. "కొట్టుకెళ్ళినప్పుడు ఒక్క రాయి తప్పుడుదని తేలితే, ఆ ఒక్కటీ తెచ్చేవాణ్ణి కాదురా. కొట్లో ఉన్న రాళ్ళన్నీ పట్టుకొచ్చేవాణ్ణి" అన్నారు. డాక్టరమ్మ వైపు తిరిగారు. "ఈ వారం నేను పంపినవన్నీ కొట్టేయండమ్మా. పిట్ట ఒక్కటే కాదు, అన్నీ. నా పొరపాటే. చూడకుండా ముద్ర వేశాను."

"మీ పొరపాటేముందండీ?" అంది డాక్టరమ్మ. అర్జీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. లేచి వెళ్ళబోతూ గడియారాలాయన దగ్గర ఆగింది. "సంఘంలో అందరికీ జరిగింది రాయాలి. ఆయన మీద మాట పడకూడదంటే, ఎవరు చెప్పారో కూడా రాయాల్సి వస్తుంది."

"రాయండి" అన్నాడతను.

పోస్టుమాను లేచాడు. దుర్భిణి జాగ్రత్తగా పెట్టెలో సర్దుకుని, అక్క ఇచ్చిన టీ నిలబడే తాగి, "వస్తానమ్మా" అని ఆవిడకొక్కదానికే చెప్పి బస్సుకి వెళ్ళిపోయాడు.

కాటేజీ ఆవిడ ఇంటికి అతనే వెళ్ళాడు. చెల్లెలూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మంలో కూర్చుని గుల్లలు వలుస్తున్నారు. పిట్ట లేదనీ, తాడు కట్టరనీ, తను అబద్ధం చెప్పాననీ చెప్పాడు. చెల్లెలు పకపకా నవ్వేసింది. "దానికి మా అక్క రెండ్రోజుల్నించీ మా అందరి బుర్రలూ తినేసింది!" అంది. తక్కినవాళ్ళూ నవ్వారు. కాటేజీ ఆవిడ మాత్రం నవ్వలేదు. "లేదా?" అంది. అంతే. చెప్పుకోవడానికి ఇంతసేపూ దాచుకున్నదేదో చేతిలోంచి జారిపోయినట్టు చూసి, మళ్ళీ గుల్లలు వలవడంలో పడింది.

మర్నాడు పొద్దున్న అతను లేచేసరికి బావగారి మంచం ఖాళీ. అక్క మంచమూ ఖాళీయే. చెక్కగది దగ్గరికి నడిచాడు గానీ గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపల్నించి మాటలు వినబడుతున్నాయి.

"నల్లగా ఉందండీ. మెడ పొడుగ్గా. రెక్కలు ఆరేసుకుంటోంది, మనం బట్టలారేసినట్టు."

"ఎన్ని?"

"ఒకటి. పక్కన ఇంకోటుంది. అది పిట్టో రాయో తెలీడం లేదు."

"తెలీదని చెప్పు."

"తెలీదు."

బావగారు నవ్వారు. చిన్న నవ్వే, కానీ నవ్వే. అతను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, అంట్లు తోమి, గదులు ఊడ్చి, దుప్పట్లు ఎండలో వేశాడు. చెయ్యడానికింకేం పని దొరుకుతుందా అని ఇల్లంతా వెతికాడు.

ఆఖరిరోజు అక్కకి మోకాలు నొప్పి. బావగారు కర్ర పట్టుకుని వసారాలో నిలబడి, "రా" అన్నారు. పేరూ లేదు, పిలుపూ లేదు. రా, అంతే. అతను వెంట నడిచాడు. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. పుస్తకం తెచ్చారేమో అని అతను ఆయన సంచీ వైపు చూశాడు. సంచీ మూతి కట్టే ఉంది.

"ఏముంది?" అన్నారు బావగారు.

అతను సందులోంచి చూశాడు. కొట్లో భూతద్దం బిగించుకుని కూడా అంతసేపు ఎప్పుడూ చూడలేదు. "నీళ్ళు వెనక్కి పోతున్నాయి. పిట్టలు దూరంగా ఉన్నాయి బావా, ఏవో తెలీడం లేదు. ఆడవాళ్ళు దిగారు, గంపలతో. తొమ్మిదిమంది."

"లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

"ఊఁ" అన్నారు బావగారు. తర్వాత ఏమీ అడగలేదు. ఎండెక్కేదాకా అలాగే కూర్చుని, అతని భుజం పట్టుకునే తిరిగి వచ్చారు.

ఇంటికి చేరాక రాకపోకలు మానలేదు. బావగారు మాట్లాడటమూ మానలేదు. మందుల చీటీ చదవమన్నా, ఆసుపత్రికి తోడు రమ్మన్నా ఇతనినే పిలుస్తారు. చీటీ చదివేటప్పుడు అతను ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, తెలియనిది తెలియదని చెబుతాడు. సంఘంవాళ్ళు అచ్చేసిన కాగితం ఒకటి పోస్టులో వచ్చింది. అందులో జరిగినదంతా నాలుగు వాక్యాల్లో, తన పేరుతో సహా ఉంది. దాన్ని చించెయ్యలేదు, దాచుకోనూ లేదు. భార్యకి చదివి వినిపించి బల్ల మీద పెట్టాడు.

బజార్లో ఎవరైనా పాత గడియారం తెచ్చి, "మీ చూపు మీద నమ్మకంతో వచ్చానండీ" అంటే ఇప్పటికీ అతని చెవులు వేడెక్కుతాయి. భూతద్దం బిగించుకుని గబుక్కున తల వంచేస్తాడు.

బావగారికిప్పుడు అంచులు కూడా మసకబారాయి. సాయంత్రాలు అక్క ఆయన్ని చెరువు గట్టుకి తీసుకెళ్తుంది. చెవులతోనే పిట్టల పేర్లు చెబుతారట. ఆ అట్టపుస్తకం మళ్ళీ తెరిచారో లేదో అక్కకి తెలుసు. గడియారాలాయన ఆ ఇంటికి వారానికి రెండుసార్లు వెళ్తాడు గానీ, ఆ మాట ఆవిడని ఇంతవరకూ అడగలేకపోయాడు.